అది మీ సత్యం అన్నా

మా యూత్ మీటింగ్‌లో ఆ ఆదివారం అంశం యోహాను సువార్త 14వ అధ్యాయం ఆరో వచనం. "నేనే మార్గమును, సత్యమును, జీవమును." వాక్యం అయిపోయి టీ గ్లాసులు చేతుల్లోకి వచ్చాక, బీటెక్ మూడో సంవత్సరం చదివే కుర్రాడొకడు నా పక్కకు కుర్చీ లాక్కున్నాడు. కీబోర్డు వాయిస్తాడు, మామూలుగా నోరు విప్పడు. "అది మీ సత్యం అన్నా. మీకు వర్కవుట్ అవుతోంది. మా రూమ్మేట్ సత్యం వాడికి వర్కవుట్ అవుతోంది. ఇందులో ఎవరు రైటు, ఎవరు తప్పు అని గొడవెందుకు?" అన్నాడు.

వాడి గొంతులో వెటకారం లేదు, కోపం లేదు. అందుకేనేమో నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఈలోగా వెనక వరసలోంచి ఒక పెద్దాయన "అంత్యదినాల్లో ఇలాగే మాట్లాడతారని ముందే రాసి ఉంది బాబూ" అన్నారు. కుర్రాడు చిన్నగా నవ్వి, గ్లాసు కింద పెట్టి, కీబోర్డు కవరు జిప్పు వేసుకుని వెళ్లిపోయాడు.

వాడన్న మాటకు యూనివర్సిటీల్లో పోస్ట్‌మోడర్నిజం అని పేరు. తెలుగులో ఆధునికోత్తరవాదం అంటున్నారు. అయితే ఆ పేరు మోసిన రచయితలు చెప్పింది ఒకటి, అది ఇన్‌స్టాగ్రామ్ దాకా వచ్చేసరికి మిగిలింది ఇంకొకటి. మన పల్పిట్ల మీద తిట్లు తినేది ఈ రెండోదే. మొదటిదాన్ని తెరిచి చూసినవాళ్లు బహు తక్కువ. ముందు ఆ చిక్కు కొంచెం విప్పుకోవాలి.

ముగ్గురు ఫ్రెంచివాళ్లు

పోస్ట్‌మోడర్న్ అర్థం కావాలంటే ముందు మోడర్న్ ఏమిటో తెలియాలి. 17వ శతాబ్దం నుంచి యూరప్ ఒక నమ్మకం పెంచుకుంటూ వచ్చింది. పుట్టిన ఊరు, మతం, తాతముత్తాతల మాట అన్నీ చెప్పుల్లాగా గుమ్మం బయట విడిచి వస్తే, బుద్ధి ఒక్కదానితోనే ఎవరైనా ఒకే సత్యానికి చేరతారని. డెకార్త్ అనుమానించడానికి వీలైనదాన్నల్లా అనుమానించి, ఇక అనుమానించలేని పునాదిరాయి కోసం తవ్వాడు. ఆ పునాది మీదే సైన్సు, ప్రగతి, నాగరికత అంటూ అంతస్తులు లేచాయి. రెండు ప్రపంచ యుద్ధాలు, యూదుల ఊచకోత, వలసపాలన చేసిన పనులు చూశాక, ఆ ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లకే పునాది మీద అనుమానం వచ్చింది.

1979లో జాన్ ఫ్రాన్స్వా లియోతార్ ఒక చిన్న పుస్తకం రాశాడు. నిజానికి అది కెనడాలోని క్యూబెక్‌లో విశ్వవిద్యాలయాల మండలి అడిగితే రాసిచ్చిన నివేదిక. కంప్యూటర్ల కాలంలో జ్ఞానం పరిస్థితి ఏమిటన్నది వాళ్ల ప్రశ్న. పోస్ట్‌మోడర్న్ అంటే మహాకథనాల మీద, అంటే అన్నిటికీ అర్థం చెబుతామనే పెద్ద కథల మీద, నమ్మకం పోవడమే అని ఆయన అందులో ఒక్క ముక్కలో తేల్చాడు. మహాకథనం అనగానే మనవాళ్లు "అంటే బైబిలును కొట్టేస్తున్నాడన్నమాట" అనుకుంటారు. ఆయన గురిపెట్టింది వేరే చోట. మాది కథ కాదు, కేవలం బుద్ధి, అందరికీ వర్తించే సైన్సు అని చెప్పుకుంటూ లోలోపల ఒక కథ మీదే నిలబడే వ్యవస్థలున్నాయి. చరిత్ర తప్పనిసరిగా ప్రగతి వైపే నడుస్తుందన్నది అలాంటి కథ. ఇది నేను నమ్మిన కథ అని ముందే ఒప్పుకునేవాడి మీద ఆయనకంత పట్టింపు లేదు.

జాక్ డెరిడా 1930లో అల్జీర్స్ దగ్గర ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. 1942లో అక్కడి ఫ్రెంచి పాలకులు యూదు పిల్లల కోటా తగ్గించినప్పుడు, 12 ఏళ్ల ఆ పిల్లవాణ్ణి బడి నుంచి ఇంటికి పంపేశారు. తరవాత ఆయన రాసిందంతా ఎవరు లోపల, ఎవరు బయట, ఆ గీత గీసిందెవరు అన్న ప్రశ్న చుట్టూ తిరగడం నాకేమీ వింతగా అనిపించదు. గ్రంథానికి వెలుపల ఏదీ లేదు అన్న ఆయన మాటను పట్టుకుని, లోకమే లేదన్నాడని చాలామంది ఎగతాళి చేశారు. సందర్భం లేకుండా ఏదీ లేదని దాని అర్థమని తరవాత ఆయనే వివరించాడు. వినిర్మాణం అని మనం అనువదించుకున్న డీకన్‌స్ట్రక్షన్ అంటే ఇల్లు కూలగొట్టడం కాదు. గోడలో ఏ ఇటుక మీద బరువంతా పడుతోందో, దాన్ని కనబడకుండా ఎలా పూశారో చూపించడం.

మూడోవాడు మిషెల్ ఫూకో. జ్ఞానం, అధికారం ఒకే మంచం మీద నిద్రపోతాయన్నాడు. ఎవరు పిచ్చివాడో, ఎవరు నేరస్థుడో తేల్చే శాస్త్రం, తాళంచెవులు ఉన్నవాళ్ల చేతిలోనే పుడుతుంది. 1978 నాటి ఉపన్యాసాల్లో ఆయన చర్చి గురించి నేరుగా మాట్లాడాడు. రాజుకు రాజ్యం కావాలి, కాపరికి మాత్రం ఒక్కొక్క గొర్రె కావాలి. దాని తిండి, దాని దారి, దాని మనసు లోపల ఏముందో కూడా కావాలి. ఇలా ఒక్కొక్కరి అంతరంగంలోకి తొంగిచూసే పాలన యూరప్‌కు క్రైస్తవ కాపరితనం నుంచి వచ్చిందని ఆయన వాదన. దీని దగ్గరకు మళ్లీ వస్తాను, ఎందుకంటే మన దగ్గర ఇది ఫ్రాన్సులో కన్నా బాగా అర్థమవుతుంది.

ముగ్గురిలో ఒక్కడూ "ఎవరి సత్యం వాళ్లది, టీ తాగి పోదాం పదండి" అనలేదు. ఆ మాట వీళ్లకన్నా మార్కెట్ నుంచి ఎక్కువ వచ్చిందని నా అనుమానం. షాపింగ్ యాప్‌లో చొక్కాకు స్టార్ రేటింగ్ ఇచ్చినట్టే నమ్మకానికీ ఇస్తున్నాం.

రెండు కంగారు జవాబులు

చర్చి నుంచి వచ్చిన జవాబుల్లో ఎక్కువ వినపడ్డవి రెండు. ఒకటి, తలుపులు బిగించడం. సత్యం ఒక్కటే, అది మా దగ్గరుంది, లాజిక్‌తో నిరూపిస్తాం అనేది. దీన్ని తేలిగ్గా కొట్టేయను. స్విట్జర్లాండ్‌లో ఒక కొండ ఊళ్లో 1955 నుంచి అమెరికన్ మిషనరీ ఫ్రాన్సిస్ షేఫర్ దంపతులు ఇంటి తలుపు తెరిచి, ఎక్కడెక్కడి కుర్రాళ్లనో కూర్చోబెట్టుకుని గంటలకొద్దీ ప్రశ్నలు విన్నారు. షేఫర్ రాసిన వాదనలు ఇప్పుడు కొంత పాతబడ్డట్టు ఉన్నా ఆ భోజనాల బల్ల పాతబడలేదు. విచారం ఏమిటంటే, ఆయన్ను చదివినవాళ్లు వాదనలు పట్టుకెళ్లి బల్లను అక్కడే వదిలేశారు. 2005 ఏప్రిల్ 18న, పోప్‌గా ఎన్నిక కావడానికి ముందురోజు, కార్డినల్ రాట్‌జింగర్ సాపేక్షవాదం, అంటే ఎవరి సత్యం వారిదనే వాదం, ఒక నియంతృత్వంగా మారుతోందని హెచ్చరించారు. ఆ హెచ్చరికలో పస ఉంది. ఎవరి సత్యం వారిదని ఒప్పుకోనివాణ్ణి ఇవాళ ఎంత మర్యాదగా పక్కకు నెడతారో చూసినవాళ్లకు అది తెలుసు.

రెండోది, కొట్టుకుపోవడం. కొవ్వొత్తులు, గిటారు, "మేమేమీ తీర్పు చెప్పం" అనే బోర్డు. కొన్నేళ్లలో ఆ గుంపుకూ బయట కాఫీ షాపుకూ తేడా మిగలదు. దీని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది నాకు కనిపించదు.

ఈ రెండు జవాబులకూ కింద ఉన్న పొరపాటు ఒకటే. మోడర్న్ యూరప్ ఇచ్చిన పునాదే సువార్తకు కూడా పునాది అనుకోవడం. ఒకరు ఆ పునాదిని కాపాడుతున్నారు, ఇంకొకరు అది పోయిందని ఇల్లు ఖాళీ చేస్తున్నారు. అది మొదటినుంచీ అద్దె ఇల్లేనని కనిపెట్టినవాడు మన దక్షిణాదిలో పనిచేసిన ఒక బిషప్పు.

కాంచీపురంలో ఒక పటం

లెస్లీ న్యూబిగిన్ 1909లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో పుట్టాడు. 1936లో మిషనరీగా మద్రాసులో దిగాడు. వచ్చిన కొద్ది వారాలకే బస్సు ప్రమాదంలో కాలు విరిగింది, రెండేళ్లు పోయాయి. ఎందుకు జరిగింది? దేవుని చిత్తం అన్నాడు అక్కడి పాస్టరు. హిందువైతే పూర్వజన్మ కర్మ అనేవాడు. ఇంకోచోటైతే ఎవరో చేతబడి చేశారనేవాళ్లు. బ్రేకులు పడలేదు అని తనలాంటి చదువుకున్న యూరోపియన్ చెబితే మిగతావాళ్లకు అది కారణం చెప్పినట్టే కాదని ఆయన తరవాత రాశాడు. బ్రేకులు పడలేదని అందరికీ తెలుసు, ఎందుకు పడలేదన్నదే కదా ప్రశ్న. వివరణ అంటే ఏమిటన్నది కూడా ఒక్కో లోకంలో ఒక్కోలా ఉంటుందని ఆయనకు ఆ విరిగిన కాలు నేర్పింది. ఫ్రాన్సులో ఈ గొడవ మొదలవడానికి ఎన్నో ఏళ్ల ముందు మాట ఇది.

కాంచీపురంలో ఉన్నప్పుడు ఆయన వారానికోసారి రామకృష్ణ మఠం సన్యాసులతో కలిసి కింద బాసీపట్టు వేసుకుని ఉపనిషత్తులు, యోహాను సువార్త చదివేవాడు. అక్కడి హాల్లో లోకంలోని గొప్ప మతపురుషుల పటాలు వరుసగా ఉండేవి. వాటిలో యేసు పటం ఒకటి. ఏటా క్రిస్మస్ నాడు దానికి పూజ జరిగేది. యేసును తీసుకెళ్లి తమ లోకంలో ఒక మేకుకు తగిలించుకున్నారని, ఇది కలగాపులగమని ఆయనకు మొదట చాలా తేటగా అనిపించింది. తన క్రైస్తవ్యం కూడా అంతేనని, యేసును తెచ్చి ఇంగ్లీషు సంస్కృతి గోడకు ఒక మేకుకు తగిలించుకున్నామని తెలియడానికి చాలా కాలం పట్టిందని ఆయనే ఒప్పుకున్నాడు. మన ఇళ్లలో వేలాడే నీలికళ్ల యేసు క్యాలెండర్ చూసినప్పుడల్లా నాకు ఈ మాట గుర్తొస్తుంది.

1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డప్పుడు ఆయన మధురై-రామనాథపురం బిషప్పయ్యాడు. మన దోర్నకల్, మెదక్, కృష్ణా-గోదావరి, రాయలసీమ డయోసిస్‌లున్న సి.ఎస్.ఐ. సంఘమే అది. 1974లో మద్రాసు బిషప్పుగా రిటైరయ్యాక, భార్యతో కలిసి రెండు సూట్‌కేసులు పట్టుకుని, దొరికిన బస్సులెక్కుతూ నేల మీదే ఇంగ్లండ్ వెళ్లాడు. దారిలో టర్కీలోని కప్పదొకియలో ఒక ఆదివారం ఆరాధనకు తోడు ఒక్క క్రైస్తవుడు దొరకలేదు. ఒకప్పుడు క్రైస్తవ వేదాంతానికి పుట్టినిల్లు లాంటి చోటు అది. ప్రయాణం మొత్తంలో భార్యాభర్తలిద్దరే ఆరాధించుకున్నది అక్కడొక్కచోటే.

ఇంగ్లండ్ చేరాక ఆయనకు కష్టమనిపించింది ఆశ లేకపోవడం. మద్రాసు మురికివాడల్లో కూడా రేపు బాగుంటుందన్న ఆశ చూశానని, అది ఇక్కడ కనబడలేదని అనేవాడు. 70 ఏళ్లు దాటాక బర్మింగ్‌హామ్‌లో జైలు పక్క వీధిలో మూతబడబోతున్న చిన్న సంఘానికి పాస్టరుగా వెళ్లాడు. పోస్ట్‌మోడర్న్ కాలానికి ఆయన రాసిన జవాబు ఆ వీధిలోంచి వచ్చింది. యూరప్ తటస్థమైన చోటు కాదు, అదీ ఒక మిషన్ ఫీల్డే. బుద్ధి కూడా ఏదో ఒక సంప్రదాయం ఒడిలోనే పెరుగుతుంది. సువార్తను నిరూపించడానికి దానికన్నా గట్టి పునాది ఎక్కడో ఉందని వెతికితే, అప్పుడు మనం నిజంగా నమ్మేది ఆ పునాదినే.

ఇది చెప్పడానికి ఆయన హంగేరీలో పుట్టిన రసాయన శాస్త్రవేత్త మైకేల్ పొలానీని ఆసరాగా తీసుకున్నాడు. సైకిల్ తొక్కేవాణ్ణి ఎలా పడిపోకుండా ఉంటున్నావని అడిగితే చెప్పలేడు, కానీ తొక్కుతాడు. ల్యాబులో పనిచేసేవాడు కూడా గురువును, పరికరాన్ని, తన చేతివాటాన్ని నమ్మే పని మొదలుపెడతాడని పొలానీ 1958లో రాశాడు. తెలుసుకోవడంలో నమ్మడం ఎప్పుడూ ఉంది. అలాగని తెలుసుకున్నది సొంత అభిరుచి అయిపోదు. ఇది నాకు నిజం అనుకోడు శాస్త్రవేత్త, ఇది నిజం అంటాడు. తప్పని తేలే రిస్కు తలకెత్తుకునే అంటాడు.

బోనులో నిలబడ్డవాడు

ఇక్కడికి వచ్చాక మన తెలుగు సంఘాల్లో రోజూ వాడే ఒక మాటను కొత్తగా చూడాలనిపిస్తుంది. సాక్ష్యం. "ఇప్పుడు సహోదరి సాక్ష్యం చెబుతారు" అనని కూడిక ఉండదు. ఇది కోర్టు మాట. సాక్షి అన్నీ పైనుంచి చూసినవాడు కాడు. ఒక మూల నిలబడి చూశాడు, అతని చూపు ఆ మూల నుంచే. అలాగని అతను చెప్పేది అభిప్రాయం అనం. ఫలానా రోజు ఫలానాది జరిగింది అంటాడు, అడ్డు ప్రశ్నలకు నిలబడతాడు, అబద్ధమైతే శిక్షకు సిద్ధపడతాడు. గ్రీకులో సాక్షిని మార్తుస్ అంటారు. ఇంగ్లీషువాళ్ల మార్టర్ దాన్నుంచే పుట్టింది. మనవాళ్లు దాన్ని హతసాక్షి అని తెనిగించారు. ఇంగ్లీషు మాటలో కనబడకుండా పోయిన సాక్షి మన మాటలో పైకి కనబడుతున్నాడు.

యేసు శిష్యులకు ఇచ్చింది జడ్జి కుర్చీ కాదు, సాక్షి బోను. "మీరు నాకు సాక్షులు" అన్నాడు. మోడర్న్ యూరప్ మనల్ని జడ్జిగా కూర్చోమంది, మనం సంతోషంగా కూర్చున్నాం. సోషల్ మీడియా అసలు కోర్టే వద్దంటోంది.

ఆది సంఘానికి ఈ సంగతి బాగా తెలుసనడానికి ఒక పాత గొడవ ఉంది. సమాధి దగ్గరకు వెళ్లిన స్త్రీలు ఎందరు? యోహాను మగ్దలేనే మరియ పేరొక్కటే చెబుతాడు, మత్తయి ఇద్దరంటాడు, మార్కు ముగ్గురంటాడు. లోపల తెల్లబట్టల్లో ఉన్నది మార్కులో ఒక యువకుడు, లూకాలో ఇద్దరు మనుషులు. ఈ తలనొప్పి ఎందుకని క్రీ.శ. 170 ప్రాంతంలో తతియాను అనే సిరియావాడు నాలుగు సువార్తలనూ కలిపి కుట్టి ఒకే కథ చేశాడు. సిరియా సంఘాల్లో దాన్ని రెండొందల ఏళ్లకు పైగా చదువుకున్నారు. అయిదో శతాబ్దంలో థియొడొరేతు అనే బిషప్పు తన సంఘాల్లో తిరిగి, రెండు వందలకు పైగా ప్రతులు పోగుచేసి పక్కన పెట్టించి, వాటి చోట నాలుగు సువార్తలు ఉంచాడు. అతుకుల్లేని ఒకే రిపోర్టు చేతిలో ఉన్నా, సంఘం చివరకు పొంతన పూర్తిగా కుదరని నలుగురు సాక్షుల్నే ఉంచుకుంది. నలుగురూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా చెబితే ఏ లాయరైనా కూర్చోబెట్టి నేర్పించారంటాడు.

అభిషిక్తుణ్ణి ముట్టకూడదా?

ఫూకో దగ్గరకు మళ్లీ వస్తానన్నాను. మన సంఘాల్లో పాస్టరు గారి లెక్కల గురించో, కొడుక్కే సంఘం అప్పగించడం గురించో ఎవరైనా నోరెత్తితే ఒక వచనం సిద్ధంగా ఉంటుంది. "నేనభిషేకించినవారిని ముట్టకూడదు." కీర్తన 105:15. ఈ వచనంతో నోరు మూయించిన సందర్భాలు నేను కళ్లారా చూశాను. ఒకసారి అది నా నోరే. ఏ సంఘమన్నది ఇక్కడ అనవసరం.

డెరిడా చెప్పినట్టు సందర్భంలో పెట్టి చదవండి. ఆ కీర్తనలో అభిషిక్తులు ఎవరు? అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. పల్పిట్ లేదు, ట్రస్టు లేదు, ఇన్నోవా కారు లేదు. పట్టుమని పదిమంది లేని కుటుంబం, సెంటు భూమి లేదు, దేశం నుంచి దేశానికి తిరిగే పరదేశులు. ముట్టకూడదన్న హెచ్చరిక ఎవరికి? పై వచనంలోనే ఉంది, రాజులకు. బలం ఉన్నవాడు బలం లేనివాడి మీద చెయ్యి వేయకూడదని చెప్పిన వచనాన్ని, బలం ఉన్నవాడి చుట్టూ కంచెగా నాటారు. బరువు మోస్తున్న ఇటుక కనబడిందా? దీన్ని చూడటానికి నాస్తికుడు కానక్కరలేదు, ఫ్రెంచి చదవక్కరలేదు. యెహెజ్కేలు 34వ అధ్యాయంలో, తమను తాము మేపుకునే కాపరులను ప్రవక్త కడిగి పారేస్తాడు. ఆ కాపరుల చేతిలోంచి గొర్రెల్ని లాక్కుంటానన్నది దేవుడే. అనుమానం చర్చి బయటినుంచి వచ్చిన జబ్బని అనుకునేవాళ్లు ఆ అధ్యాయం మీద ఈ మధ్య ప్రసంగం ఎప్పుడు విన్నారో గుర్తు చేసుకోవాలి.

లియోతార్‌తో కూడా ఇలాగే మన ఊళ్లో పని ఉంది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దీని చుట్టూ రెండు పెద్ద కథలున్నాయి. అమెరికన్ బాప్టిస్టుల కథలో హీరో మిషనరీ జాన్ క్లౌ, అది ఒంగోలు పెంతెకొస్తు, అంటే ఆది సంఘంలో ఒక్కరోజే వేలమంది చేరిన దినం లాంటిది. విమర్శకుల కథలో అది కరువు కాలపు గంజి మతం. 1876-78 కరువు నిజమే. క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని జనానికి పని కల్పించిందీ నిజమే. గంజి కోసం వచ్చారనిపించుకోకూడదని, కరువు సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఆపేసిందీ నిజమే. ఈ చివరి ముక్క రెండో కథలో ఉండదు.

మొదటి కథలో లేనిది ఇంకొకటి ఉంది. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మాలిచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. అంతకు 12 ఏళ్ల ముందే, 1866లో, బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య తోలుపని చేసే మాదిగ. అంతకుముందు రాజయోగం సాధన చేసి, దానిలో గురువనిపించుకున్నవాడు. క్లౌను కలవకముందే ఈ కబురు విని, నమ్మి, తనవాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు. క్లౌ భార్య ఎమ్మా ఇలాంటి పెద్దల నోటి మాటలు కూర్చోబెట్టి అడిగి రాయబట్టి ఈ మాత్రమైనా మిగిలింది. మిషన్ రిపోర్టులో అంకె అయిపోయినవాడు, విమర్శకుడి వ్యాసంలో ఆకలి కడుపైపోయినవాడు, తన కథలో తానే వెతుక్కుంటూ నడిచిన మనిషి. పెద్ద కథల మీద లియోతార్ పెంచిన అనుమానం ఆ పేరయ్యను తిరిగి కనబడేలా చేస్తే, క్రైస్తవుడికి దాని మీద కోపం ఎందుకు?

ఒప్పుకోలేని చోటు

అయితే పోస్ట్‌మోడర్న్ రచయితలతో ఈ స్నేహానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు నాకు వేదాంత పుస్తకాల్లో కన్నా తెనాలి దగ్గరి చుండూరులో బాగా కనబడుతుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపేశారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు నేరం రుజువు కాలేదని శిక్షలు కొట్టేసింది. చనిపోయినవాళ్ల సమాధులున్న చోటును ఊరివాళ్లు రక్తక్షేత్రం అంటారు.

అక్కడ నిలబడి "ఎవరి సత్యం వారిది" అనగలమా? సాక్షుల మాటలు తేడాగా ఉండొచ్చు, తీర్పులు మారొచ్చు, పేపర్లు రెండు రకాలుగా రాయొచ్చు. ఆ రోజు పొలాల్లో జరిగింది మాత్రం ఒక్కటే, అది ఎవరి నమ్మకం మీదా ఆధారపడి లేదు. సత్యం అనేదే లేదంటే మొదట నష్టపోయేది బలం లేనివాడు, ఎందుకంటే అతని దగ్గర ఉన్నదల్లా జరిగింది జరిగిందని చెప్పే నోరొక్కటే. డెరిడాకు కూడా ఈ సంగతి తెలుసు. 1989లో న్యూయార్క్‌లో న్యాయశాస్త్రం చదివేవాళ్ల ముందు మాట్లాడుతూ, చట్టాన్ని విప్పి చూడొచ్చు గానీ న్యాయాన్ని విప్పలేమని అన్నాడు. అది ఎక్కడినుంచి వస్తుందో ఆయన చెప్పలేదు. క్రైస్తవుడు చెబుతాడు. "నీ తమ్ముని రక్తము యొక్క స్వరము నేలలోనుండి నాకు మొరపెట్టుచున్నది" అని కయీనుతో అన్నవాడి దగ్గర్నుంచి. ఏ మనిషీ చూడని హత్యకు కూడా వినే చెవి ఒకటుందన్నది ఈ నమ్మకం. తీర్పుదినం అనే మాట ధనవంతుల డ్రాయింగ్ రూముల్లో ఇబ్బందిగా ఉండొచ్చు, రక్తక్షేత్రంలో అలా ఉండదు.

ఇంకో చిక్కు మిగిలే ఉంది. సాక్ష్యం చెప్పే నోరు ఎలాంటిదన్నది. యేల్ యూనివర్సిటీ వేదాంతి జార్జి లిండ్‌బెక్ 1984లో ఒక ఉదాహరణ ఇచ్చాడు. మతయుద్ధంలో ఒక సైనికుడు "క్రీస్తే ప్రభువు" అని అరుస్తూ ఎదుటివాడి తల నరుకుతాడు. ఆ నోట ఆ వాక్యం నిజమా? అబద్ధమే అంటాడు లిండ్‌బెక్, ఎందుకంటే ప్రభువు అన్న మాటకు అర్థం ఇచ్చేది సిలువ, అతని కత్తి ఆ అర్థాన్ని తుడిచేసింది. వాక్యం ఒక్కటే నిజమైతే చాలదా అని కొందరు ఆయనతో గట్టిగా వాదించారు. నేనూ పూర్తిగా ఒప్పుకోను, తాగుబోతు రెండూ రెండూ నాలుగు అన్నా అది నాలుగే. కానీ దళితులకు వేరే చర్చి, వేరే శ్మశానం పెట్టుకున్న ఊళ్లో "క్రీస్తునందు అందరం ఒక్కటే" అనే ప్రసంగం విన్నప్పుడు మాత్రం లిండ్‌బెక్ పక్కకు జరిగి కూర్చుంటాను.

న్యూబిగిన్ దీన్నే ఇంకోలా అన్నాడు. సువార్తకు అర్థం చెప్పే అసలైన వ్యాఖ్యానం, దాన్ని నమ్మి దాని ప్రకారం బతికే ఒక సంఘమేనని.

కీబోర్డు కుర్రాడు మళ్లీ మాట్లాడటానికి మూడు నెలలు పట్టింది. ఈసారి చర్చిలో కాదు, బస్టాపులో, వానలో. "ఆ రోజు మీరేం జవాబు చెప్పలేదన్నా" అన్నాడు. నాకు లియోతార్ గుర్తొచ్చాడు గానీ, మా నాన్న సంగతి చెప్పాను. మా నాన్న, మా బాబాయి పొలం గట్టు తగాదాతో పదకొండేళ్లు మాట్లాడుకోలేదు. నాకు పధ్నాలుగేళ్లున్నప్పుడు, బల్ల ఆదివారం, అంటే ప్రభువు భోజనం తీసుకునే ఆదివారం, ముందు రాత్రి, మా నాన్న ముందు సహోదరుడితో సమాధానపడమనే మత్తయి అయిదో అధ్యాయం చదువుతూ చదువుతూ బైబిలు మూసి, సైకిలు తీసుకుని నాలుగు కిలోమీటర్లు వెళ్లి బాబాయి ఇంటి తలుపు కొట్టాడు. నేను వెనక క్యారియర్ మీద కూర్చుని ఉన్నాను. తలుపు తీసిన బాబాయి ముఖం నేను చూశాను.

వాడు కాసేపు వాన చూశాడు. తరవాత లాయర్‌లా అడిగాడు. "మీ నాన్నకు ఆ టైములో డబ్బు అవసరమేమైనా వచ్చిందా?"

"లేదు."

"మీ బాబాయి మారాడా?"

"పెద్దగా ఏం లేదు. ఇప్పటికీ కోపిష్టే."

"మరి గట్టు?"

"ఇంకా వంకరగానే ఉంది. మొన్న పండక్కి వెళ్తే, ఇద్దరూ దాని మీదే కూర్చుని తేగలు తింటున్నారు."